రౌటర్ మెషిన్: పని కన్నా ముందు జాగ్రత్త నేర్చుకుందాం



మన గోడ పత్రికలో ఇంతవరకు కథలు, పొడుపు కథలు, గొప్పవారి జీవితాలు, సైన్సు సంగతులు వచ్చాయి. ఒక పనిముట్టు గురించి పాఠం రాలేదు. ఈసారి నేను వడ్రంగం పనిలో వాడే రౌటర్ మెషిన్ గురించి రాస్తున్నాను. ఇది రాయడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పి తరువాత పాఠంలోకి వెళ్తాను.

2024 నవంబరులో మన హాస్టలు తలుపులు బాగుచెయ్యడానికి ఒక మేస్త్రీ వచ్చారు. వరండాలో బల్ల వేసుకుని పని చేశారు. మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆయన మెషిన్ను బల్ల మీద పడుకోబెట్టి భోజనానికి వెళ్ళారు. ప్లగ్గు జంక్షన్ బాక్సులోనే ఉంది. మెషిన్ స్విచ్చు కూడా ఆన్‌లోనే ఉంది. ఆరో తరగతి తమ్ముళ్ళు ఇద్దరు బల్ల కింద చేరి చుట్టలు చుట్టలుగా పడిన చిత్రిక పొట్టు ఏరుకుంటున్నారు. కాసేపటికి కరెంటు వచ్చింది. మెషిన్ దానంతట అదే గిర్రున తిరిగింది. బల్ల మీద ఎగిరి కింద పడింది. గచ్చు మీద కూడా ఆగకుండా తిరుగుతూనే ఉంది. పదో తరగతి అన్న ఒకరు పరుగెత్తి ప్లగ్గు పీకేశారు. అదృష్టం కొద్దీ ఎవరికీ ఏమీ కాలేదు. గచ్చు మీద పడిన గీత మాత్రం ఇప్పటికీ ఉంది. రెండో స్తంభం పక్కన మీరు చూడవచ్చు.

ఆ రోజు నేను అక్కడే అన్నం కంచం పట్టుకుని నిలబడి ఉన్నాను. ప్లగ్గు పెట్టి ఉన్నట్టు నేను చూశాను. అలా పెట్టకూడదని నాకు తెలుసు. మేస్త్రీ పెద్దాయన, ఆయనకు నేను చెప్పడం ఏమిటి అని ఊరుకున్నాను. తెలిసి కూడా ఊరుకోవడం తప్పని ఆ సాయంత్రం నాకు బాగా అనిపించింది. ఆ తప్పుకు బదులుగా నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఇది నేర్పింది మా చిన్నాన్న. ఆయన వడ్రంగి. 2023 వేసవి సెలవుల్లో మెషిన్ను ముట్టుకోనివ్వలేదు. పొట్టు ఊడ్వడం, కొలతలు చదవడం, బిగింపులు పట్టుకోవడం, ఇదే నా పని. 2024 వేసవిలో పనికిరాని చెక్క ముక్కల మీద, తను పక్కన నిలబడి, చేయించాడు.

1. రౌటర్ అంటే ఏమిటి?

చెక్కలో గాడి తియ్యాలంటే పూర్వం ఉలి, సుత్తి, గాడి చిత్రిక వాడేవారు. ఇప్పటికీ మన ఊళ్ళలో వాడుతున్నారు. అదే పనిని కరెంటుతో చేసే మెషిన్ రౌటర్. దీనితో గాడి తియ్యవచ్చు, అంచు గుండ్రంగా చెయ్యవచ్చు, తలుపు మీద పువ్వులు, అక్షరాలు చెక్కవచ్చు, ప్లైవుడ్ మీద అతికించిన సన్‌మైకా అంచులు సమంగా కోయవచ్చు.

చేత్తో పట్టుకుని వాడేవి ముఖ్యంగా రెండు రకాలు.

(అ) చిన్నది. దీన్ని పనివాళ్ళు ట్రిమ్మర్ అంటారు. ఒక చేతి పిడికిలిలో పట్టేంత ఉంటుంది. 500 నుంచి 700 వాట్ల దాకా ఉంటుంది. నిమిషానికి సుమారు 30,000 చుట్లు తిరుగుతుంది. సన్నని బిట్లు పడతాయి.

(ఆ) పెద్దది. రెండు వైపులా రెండు పిడులు ఉంటాయి. 1,500 వాట్ల పైన ఉండేవి ఎక్కువ. కిందికి నొక్కితే బిట్టు చెక్కలోకి దిగుతుంది, వదిలితే స్ప్రింగు వల్ల పైకి వస్తుంది. లావు బిట్లు పడతాయి.

నేను నేర్చుకున్నది చిన్నదాని మీద. కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తాను.

2. దీని భాగాలు

మోటారు: పైన ఉండే ముఖ్య భాగం. గాలి పోయే సందులు ఉంటాయి. వాటిలో పొట్టు అడ్డుపడితే మోటారు వేడెక్కుతుంది.

కాలెట్: మోటారు ఇరుసు చివర ఉండే చీలికల గొట్టం. బిట్టును పట్టి ఉంచేది ఇదే. దాని మీద నట్టు ఉంటుంది. నట్టు బిగిస్తే చీలికలు దగ్గరకు వచ్చి బిట్టు కాడను గట్టిగా పట్టుకుంటాయి.

బిట్టు: కోసే పళ్ళు ఉన్న ముక్క. తిన్నని గాడికి తిన్నని బిట్టు, అంచు గుండ్రంగా చెయ్యడానికి గుండ్రం బిట్టు, అక్షరాలు చెక్కడానికి మొన బిట్టు. కొన్ని బిట్ల చివర చిన్న బేరింగు ఉంటుంది. అది చెక్క అంచును ఆనుకుని నడుస్తుంది.

బేసు: కింద ఉండే చదునైన పలక. చెక్క మీద జారేది ఇదే. దీన్ని పైకి కిందికి జరిపి లోతు పెట్టుకోవాలి.

ఎడ్జ్ గైడు: బేసుకు తగిలించే ఇనుప కమ్మీ. చెక్క అంచును ఆనుకుని నడుస్తూ, గాడి వంకర పోకుండా చూస్తుంది.

3. ఎంత వేగమో లెక్క వేద్దాం

ఇది మన లెక్కల సారు చెప్పిన వృత్త పరిధి సూత్రమే. నిమిషానికి 30,000 చుట్లు అంటే సెకనుకు 500 చుట్లు. బిట్టు వ్యాసం 6 మి.మీ. అనుకుందాం. పరిధి 3.14 × 6 = 18.84 మి.మీ. దాన్ని 500తో గుణిస్తే సెకనుకు 9,420 మి.మీ., అంటే 9.42 మీటర్లు. గంటకు సుమారు 34 కిలోమీటర్లు. బిట్టు పన్ను ఆ వేగంతో వచ్చి చెక్కకు తగులుతుంది.

అదే వేగంలో 50 మి.మీ. బిట్టు పెడితే? 3.14 × 50 × 500 = 78,500 మి.మీ. అంటే సెకనుకు 78.5 మీటర్లు, గంటకు 282 కిలోమీటర్ల పైన! అందుకే లావు బిట్లను చిన్న మెషిన్‌లో పెట్టకూడదు. పెద్ద మెషిన్‌లో పెట్టినా వేగం బాగా తగ్గించుకోవాలి. 10,000 చుట్లకు తగ్గిస్తే అదే బిట్టు వేగం గంటకు 94 కిలోమీటర్లకు వస్తుంది. బిట్టు మీద గానీ దాని పెట్టె మీద గానీ ఎంత వేగం దాటకూడదో రాసి ఉంటే, ఆ అంకె తప్పక చూసుకోవాలి.

సెకనుకు 500 చుట్లు. ఒక్కసారి కన్నుమూసి తెరిచేలోపు ఎన్ని చుట్లు అయిపోతాయో ఆలోచించండి. చెయ్యి తగిలాక తీసుకుందాం అనుకుంటే అది జరిగే పని కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది.

4. ఒంటి మీద ఏమి ఉండాలి, ఏమి ఉండకూడదు

ఉండవలసినవి: పక్కలు కూడా మూసి ఉండే కళ్ళజోడు. ముక్కుకు, నోటికి దుమ్ము మాస్కు. చెవులకు దూదిలాంటి ప్లగ్గులు లేదా మఫ్‌లు. కాళ్ళకు బూట్లు.

ఉండకూడనివి: మెడలో తువ్వాలు, కండువా. వదులు చొక్కా చేతులు. లుంగీ. చేతికి తాడు, గాజు, కడియం, గడియారం. మెడలో వేలాడే దండ. జుట్టు పొడవుగా ఉంటే గట్టిగా ముడి వెయ్యాలి. చేతికి గ్లౌజులు కూడా వేసుకోకూడదు. ఇది వినగానే నాకు ఆశ్చర్యం వేసింది. "గ్లౌజులు చేతిని కాపాడతాయి కదా చిన్నాన్నా?" అని అడిగాను. "ఒరేయ్, ఉత్త చెయ్యి తగిలితే తెగుతుంది. గ్లౌజు తగిలితే అది చుట్టుకుని చెయ్యంతా లోపలికి లాక్కుంటుంది" అన్నాడు.

చెక్క పొడిని తేలిగ్గా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క పొడిని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ఏళ్ళ తరబడి మాస్కు లేకుండా పీల్చే వడ్రంగులకు అది ప్రమాదం. చప్పుడు సంగతి కూడా అంతే. 85 డెసిబెల్స్ పైన ఉన్న చప్పుడు రోజూ 8 గంటలు వింటే చెవి మెల్లగా దెబ్బతింటుంది. రౌటర్ చప్పుడు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మా చిన్నాన్నను ఎడమ పక్క నుంచి పిలిస్తే ఇప్పుడు సరిగా వినపడదు.

5. కరెంటు సంగతి

ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. 700 వాట్ల మెషిన్ సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది (700ని 230తో భాగించి చూడండి). కాబట్టి సన్నని వైరుతో చేసిన జంక్షన్ బాక్సు పనికిరాదు. వైరు మీద చీలిక, టేపు చుట్టిన అతుకు ఉంటే వాడకూడదు. ప్లగ్గు పిన్ను లేకుండా ఉత్త వైరు చివరలు సాకెట్టులో గుచ్చి అగ్గిపుల్లతో బిగించే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది ప్రాణం మీదకు తెస్తుంది. తడి నేల మీద, వాన జల్లు పడే వరండాలో ఈ పని పెట్టుకోకూడదు. కరెంటు నేలకు కారితే వెంటనే ఆగిపోయే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ స్విచ్చు బోర్డులో ఉంటే చాలా మంచిది.

వైరు ఎప్పుడూ వెనకనుంచి, భుజం మీదుగా రావాలి. బిట్టు నడిచే దారిలో వైరు ఉండకూడదు.

6. బిట్టు బిగించే పద్ధతి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. వరసగా చదవండి.

మొదటి మెట్టు: ప్లగ్గు పీకాలి. స్విచ్చు ఆపితే చాలదు. కరెంటు పోయింది కదా అంటే అసలే చాలదు. ప్లగ్గు పీకి, అది మన కంటికి కనపడేటట్టు బల్ల మీద పెట్టుకోవాలి.

ఇక్కడ మా చిన్నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఎడమ చేతి ఉంగరం వేలికి పై కణుపు లేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కానీ ఎప్పుడూ అడగలేదు. 2024 వేసవిలో ఒక రాత్రి, కరెంటు లేక అరుగు మీద కూర్చున్నప్పుడు, తనే చెప్పాడు. ఆ రోజు కూడా ఇలాగే పని మధ్యలో కరెంటు పోయిందట. ఊరికే కూర్చోవడం దేనికి, ఈలోపు బిట్టు మార్చుకుందాం అనుకున్నాడట. మెషిన్ ఒళ్ళో పెట్టుకుని నట్టు వదులు చేస్తున్నాడు. స్విచ్చు ఆన్‌లోనే ఉంది. ప్లగ్గు గోడకే ఉంది. కరెంటు వచ్చింది. అంతే. "కరెంటు మనకు చెప్పి పోదు, చెప్పి రాదు" అన్నాడు. మూడు నెలలు పనికి పోలేదు. ఆ ఏడాది మా చెల్లెలిని, అంటే చిన్నాన్న కూతురిని, బడి మాన్పించబోతే మా నాన్న ఒప్పుకోలేదు.

ఈ కథ తెలిసి కూడా నేను ఆ రోజు వరండాలో నోరు మెదపలేదు. అందుకే పైన అంత వివరంగా రాశాను.

రెండో మెట్టు: కాలెట్ లోపల దుమ్ము, జిగురు లేకుండా పొడి గుడ్డతో తుడవాలి. బిట్టు కాడ కూడా తుడవాలి.

మూడో మెట్టు: కాడ కొలత, కాలెట్ కొలత ఒకటేనా చూడాలి. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. బజారులో 6 మి.మీ. కాడ బిట్లు కూడా దొరుకుతాయి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి. పావు అంగుళం కాలెట్‌లో 6 మి.మీ. కాడ పెడితే బిగించినట్టే ఉంటుంది కానీ తిరిగేటప్పుడు జారి బయటకు వస్తుంది. అలాగే అర అంగుళం అంటే 12.7 మి.మీ., 12 మి.మీ. కాదు.

నాలుగో మెట్టు: బిట్టును అడుగు దాకా దించి, తరువాత 2 లేక 3 మి.మీ. పైకి లాగాలి. కాడ అడుగుకు ఆనుకుని ఉంటే నట్టు బిగించేటప్పుడు కాలెట్ సరిగా పట్టదు. అలాగని ఎక్కువ బయటకు లాగకూడదు. కాడలో మూడు వంతులకు రెండు వంతులైనా లోపల ఉండాలి.

ఐదో మెట్టు: రెండు పానాలతో బిగించాలి. కొన్ని మెషిన్లకు ఇరుసు కదలకుండా నొక్కి పట్టే బటన్ ఉంటుంది, వాటికి ఒక పానా చాలు. గట్టిగా బిగించాలి కానీ సుత్తితో కొట్టి బిగించకూడదు. బిట్టు లేకుండా ఉత్త నట్టు బిగించకూడదు, కాలెట్ నొక్కుకుపోయి పాడవుతుంది.

ఆరో మెట్టు: కాడ కాలెట్‌లోకి వెళ్ళే చోట పెన్నుతో చిన్న గీత పెట్టండి. కాసేపు పనిచేశాక ప్లగ్గు పీకి చూడండి. గీత పైకో కిందికో జరిగితే బిట్టు జారుతోందని అర్థం.

ఏడో మెట్టు: పానాలు తీసి పక్కన పెట్టాలి. ఇరుసును చేత్తో ఒక చుట్టు తిప్పి చూడాలి. బేసుకు ఎక్కడా తగలకూడదు. అప్పుడు స్విచ్చు ఆఫ్‌లో ఉందో లేదో చూసి, ఆ తరువాతే ప్లగ్గు పెట్టాలి.

7. లోతు పెట్టుకోవడం

ఒకేసారి లోతుగా కోయకూడదు. మోటారు ఏడుస్తుంది, చెక్క మాడుతుంది, సన్నని బిట్టు విరిగి ఎగురుతుంది. బిట్టు వ్యాసంలో సగం కన్నా ఎక్కువ లోతు ఒక విడతలో వద్దు. 6 మి.మీ. బిట్టుకు 3 మి.మీ. అన్నమాట. 9 మి.మీ. గాడి కావాలంటే మూడు విడతలు తియ్యాలి.

3 మి.మీ. ఎలా పెట్టాలి? ప్లగ్గు పీకి ఉండగా, 3 మి.మీ. మందం ఉన్న రెండు చిన్న ముక్కలు చదును బల్ల మీద పెట్టి, బేసును వాటి మీద ఉంచాలి. మధ్యలో బిట్టును బల్లకు తగిలేదాకా దించి మర బిగించాలి. ఇప్పుడు బిట్టు బేసు కిందికి సరిగ్గా 3 మి.మీ. వచ్చి ఉంటుంది. జామెట్రీ బాక్సు స్కేలుతో మరోసారి చూసుకోండి. పనికిరాని ముక్క మీద ఒక గాడి తీసి కొలిచి, అప్పుడు అసలు చెక్క మీదకు రండి.

8. ఏ వైపు నడపాలి?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పై నుంచి చూస్తే బిట్టు గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. మనం మెషిన్ను ముందుకు నెట్టేటప్పుడు, కోసే చెక్క మనకు ఎడమ వైపు ఉండాలి. అప్పుడు చెక్క బిట్టుకు ఎదురు నిలుస్తుంది. మెషిన్ మన అదుపులో, మన బలంతోనే ముందుకు పోతుంది.

తిరగేసి నడిపితే, అంటే చెక్క కుడి వైపు ఉంటే, బిట్టు బండి చక్రంలా చెక్క అంచు పట్టుకుని పరుగెడుతుంది. మెషిన్ చేతిలోంచి లాక్కుని పోతుంది. నేను ఒకసారి పొరపాటున అలా పెట్టాను. ఒక్క క్షణంలో జానెడు దూరం జరిగిపోయింది. రెండు చేతులతో పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. చిన్నాన్న నన్ను తిట్టలేదు. ఆ పూట ఇక మెషిన్ ఇవ్వలేదు, అంతే.

గుర్తుపెట్టుకోవడానికి ఒక ఉపాయం: కుడి అరచెయ్యి కిందికి పెట్టి, బొటనవేలు, చూపుడువేలు చాపండి. బొటనవేలు చెక్క వైపు పెడితే, చూపుడువేలు చూపే వైపు నడపాలి. పలక బయటి అంచు చుట్టూ తిరిగేటప్పుడు ఇది గడియారానికి ఎదురు దిశ అవుతుంది. చట్రం లోపలి అంచు చుట్టూ తిరిగేటప్పుడు గడియారం దిశ అవుతుంది. చేసి చూడండి.

మధ్యలో గాడి తీసేటప్పుడు రెండు వైపులా చెక్కే ఉంటుంది కదా, అప్పుడెలా? బిట్టు ముందు భాగం చెక్కను కుడి వైపుకు తోస్తుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం చెక్క మెషిన్ను ఎడమ వైపుకు తోస్తుంది. కాబట్టి ఆనుకుని నడవడానికి తిన్నని బద్ద బిగిస్తే దాన్ని మెషిన్‌కు ఎడమ వైపు బిగించాలి. మెషిన్ తనంతట తానే బద్దను ఆనుకుంటుంది. బద్ద ఎంత దూరంలో పెట్టాలి? బేసు వెడల్పులోంచి బిట్టు వ్యాసం తీసేసి సగం చెయ్యండి. బేసు 90, బిట్టు 6 అయితే 84లో సగం 42 మి.మీ. గాడి అంచు నుంచి అంత దూరంలో బద్ద పెట్టాలి. బేసుకు తగిలించే ఎడ్జ్ గైడు వాడితే మాత్రం అది కుడి వైపు అంచును ఆనుకోవాలి. ఎడమకు పోయే తోపు గైడును చెక్కకు అదిమి పెడుతుంది.

9. ఉదాహరణ: మీరు చూస్తున్న ఈ బోర్డు

ఈ పత్రిక అతికించిన బోర్డు చట్రం నేను, చిన్నాన్న కలిసి 2025 సంక్రాంతి సెలవుల్లో చేసినదే. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

లోపలి కొలత 1,200 × 900 మి.మీ. చట్రం కర్ర 50 మి.మీ. వెడల్పు, 25 మి.మీ. మందం. పాత ఇంటి టేకు దూలం నుంచి కోయించినది. పాత చెక్కకు ఒక ప్రమాదం ఉంది. లోపల విరిగిన మేకులు ఉంటాయి. మేకుకు బిట్టు తగిలితే పన్ను విరిగి కంటికి తగలవచ్చు. అందుకని సైన్సు ల్యాబులో వాడే లాంటి అయస్కాంతాన్ని దారానికి కట్టి, కర్ర పొడవునా దగ్గరగా జరుపుకుంటూ పోయాం. మూడు చోట్ల లాగింది. మూడు మేకులు తీశాం.

చట్రం కర్ర లోపలి అంచులో 6 మి.మీ. వెడల్పు, 9 మి.మీ. లోతు గాడి. దానిలో ప్లై కూర్చుంటుంది. ప్లై కొలత ఎంత? రెండు వైపులా 9 చొప్పున 18 కలిపి, వదులు కోసం 2 తీసేస్తే 16. కాబట్టి 1,216 × 916 మి.మీ. బజారులో 6 మి.మీ. అని ఇచ్చిన ప్లై కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ముందు చిన్న ముక్క మీద పెట్టి చూసుకున్నాం.

25 మి.మీ. సన్నని అంచు మీద బేసు నిలవదు, ఊగుతుంది. అందుకని గాడి తీసే కర్రకు రెండు పక్కలా అంతే ఎత్తు ఉన్న తోడు కర్రలు పెట్టి మూడింటినీ క్లాంపులతో బల్లకు బిగించాం. అప్పుడు 75 మి.మీ. వెడల్పు చదును దొరికింది. క్లాంపుల పిడులు మెషిన్ దారిలోకి రాకుండా చూసుకున్నాం. ఒక చేత్తో చెక్క పట్టుకుని మరో చేత్తో మెషిన్ నడపడం ఎప్పుడూ చెయ్యకూడదు. రెండు చేతులూ మెషిన్ మీదే.

బిట్టు చెక్కకు తగలకుండా పట్టుకుని స్విచ్చు వేశాం. మెషిన్ ఒక్క కుదుపు ఇస్తుంది. పూర్తి వేగం అందుకున్నాక మెల్లగా చెక్కలోకి పోనిచ్చి, ఆగకుండా ఒకే తీరుగా నడిపాం. చివరకు వచ్చాక స్విచ్చు ఆపి, బిట్టు పూర్తిగా ఆగేదాకా పైకి ఎత్తలేదు, కింద పెట్టలేదు. పొట్టును చేత్తో తియ్యలేదు, ప్లగ్గు పీకి బ్రష్షుతో ఊడ్చాం. మళ్ళీ 3 మి.మీ. దించి రెండో విడత, మూడో విడత. గాడి మొత్తం తీశాకనే కర్రలను కొలతకు కోశాం. చిన్న ముక్కలుగా కోసి గాడి తియ్యబోతే పట్టు దొరకదు. గాడి ముందు, కోత తరువాత.

10. తప్పులు, కారణాలు

చెక్క నల్లగా మాడితే: బిట్టు మొండిదైనా అయ్యుండాలి, మనం ఒకేచోట ఆగిపోయైనా ఉండాలి.

అంచు అలలు అలలుగా వస్తే: లోతు ఎక్కువైనా, బిట్టు వదులైనా, చాలా వేగంగా నెట్టినా అలా వస్తుంది.

పలక మూలలు ఎగిరిపోతే: అడ్డనార ఉన్న అంచులు ముందు చెయ్యాలి, నిలువునార అంచులు తరువాత. ముందు ఎగిరిన పెచ్చులు తరువాతి కోతలో పోతాయి.

మోటారు నుంచి పెద్దగా నిప్పురవ్వలు, మాడు వాసన వస్తే: కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. వెంటనే ఆపి మెకానిక్కుకు చూపించాలి.

11. దెబ్బ తగిలితే

శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టకూడదు. 108కి ఫోను చెయ్యాలి. వేలు ముక్క తెగి పడితే దాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును ఐసు మీద పెట్టి ఆసుపత్రికి పట్టుకుపోవాలి. ముక్కను నేరుగా ఐసులో వెయ్యకూడదు. చిన్నాన్న వేలు ముక్క సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

12. చివరి మాట

ఇది చదివి ఎవరూ ఒంటరిగా మెషిన్ ముట్టుకోకండి. పని తెలిసిన పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే నేర్చుకోవాలి. నేర్చుకోవడం వేరు, కూలికి పోవడం వేరు. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 నుంచి 18 ఏళ్ళ లోపు వాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదని అందులో ఉంది. సెలవుల్లో ఎవరైనా కూలి ఇస్తాం, మెషిన్ పనికి రా అంటే వెళ్ళకండి. ఇష్టం ఉన్నవాళ్ళకు పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లో కార్పెంటర్ ట్రేడు ఉంది. నేను దానికే వెళ్దామనుకుంటున్నాను. చిన్నాన్న కూడా సరే అన్నాడు. "నేను చూసి నేర్చుకున్నాను, వేలు పోయాక నేర్చుకున్నాను. నువ్వు చదివి నేర్చుకో" అన్నాడు. నిదానమే ప్రధానం.

ఈ పాఠం ముందుగా వార్డెన్ సారుకు చూపించాను. సారు మొత్తం చదివి, మెయిన్ స్విచ్చు పక్కన ఒక కాగితం అతికించారు: "కరెంటు పోతే ముందు ప్లగ్గు తియ్యండి." ఇస్త్రీ పెట్టెకు, నీళ్ళ మోటారుకు కూడా అది వర్తిస్తుందని చెప్పారు. ఇకమీదట ఎవరైనా పెద్దవాళ్ళు మరిచిపోతే చిన్నవాళ్ళు చెప్పవచ్చని, ఎవరూ కోప్పడరని కూడా ప్రార్థనలో చెప్పారు.

మీకు మీరే ప్రశ్నించుకోండి (జవాబులు ఈ పాఠంలోనే ఉన్నాయి):

1. స్విచ్చు ఆపి బిట్టు మార్చవచ్చా? ఎందుకు?
2. పావు అంగుళం కాలెట్‌లో 6 మి.మీ. కాడ పెడితే ఏమవుతుంది?
3. మెషిన్ ముందుకు పోతుంటే చెక్క ఏ చేతి వైపు ఉండాలి?
4. బేసు 110 మి.మీ., బిట్టు 10 మి.మీ. అయితే బద్ద ఎంత దూరంలో పెట్టాలి?
5. నిమిషానికి 24,000 చుట్లు తిరిగే 10 మి.మీ. బిట్టు అంచు వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు?

నాలుగు, ఐదు ప్రశ్నల జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. తప్పులుంటే కూర్చుని కలిసి చేద్దాం. నా పాఠంలో తప్పులుంటే పెద్దలు మన్నించి దిద్దగలరు.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి